నైరూప్య చిత్రంలో రంగు పాలెంత, చేతి పాలెంత?

నైరూప్య చిత్రాలు, అంటే దేన్నీ నేరుగా పోలని అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు వేసేవాళ్లను "ఈ బొమ్మ ఎలా వచ్చింది?" అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే. "ముందుగా ఏమీ అనుకోలేదు, వేస్తూ పోతుంటే అలా వచ్చింది" అంటారు. వినేవాళ్లలో కొందరు తలాడిస్తారు, కొందరు పెదవి విరుస్తారు. "ఏమీ అనుకోకుండా వచ్చేదైతే మా పిల్లాడు కూడా వేస్తాడు కదా" అన్నది ఆ విరుపు వెనకున్న మాట. ఇంకోపక్క ఎగ్జిబిషన్ బ్రోషర్లు "అంతరంగం రంగులై ఒలికింది" అని రాస్తాయి. పొగిడినా, పెదవి విరిచినా రెండు వైపులా ఒక సంగతి జారిపోతోంది. రంగు అనేది ఒక పదార్థం. దానికి బరువుంది, చిక్కదనముంది, ఆరడానికి పట్టే సమయముంది, వెలుతురు తగిలితే వెలిసిపోయే గుణముంది. క్యాన్వాస్ అంటే నీళ్లనూ నూనెనూ పీల్చే గుడ్డ. వీటితో ఏళ్ల తరబడి మెలిగిన చేతికీ కంటికీ అబ్బే తెలివినే ఇంట్యూషన్, స్ఫురణ అంటున్నామని నా నమ్మకం. "అలా వచ్చింది" అన్న మాట అబద్ధం కాదు. కానీ వచ్చిన దాంట్లో పదార్థం తెచ్చింది ఎంత, చెయ్యి తెచ్చింది ఎంత, వచ్చినదాన్ని చూసి కన్ను ఉంచింది ఎంత, తీసేసింది ఎంత అని విడదీసి చూస్తేనే ఈ చిత్రాలు అర్థమవడం మొదలవుతుంది.

ట్యూబులోంచి వచ్చే రంగులో ప్రధానంగా రెండుంటాయి. ఒకటి పిగ్మెంట్, అంటే మెత్తగా నూరిన రంగు పొడి. రెండోది ఆ పొడిని పట్టి ఉంచే బైండర్. ఆయిల్ పెయింట్‌లో అది అవిసె నూనె. వాటర్ కలర్‌లో తుమ్మ జాతి చెట్ల జిగురు. అక్రిలిక్‌లో నీళ్లలో తేలాడే సన్నని ప్లాస్టిక్ రేణువులు. ఒకే నీలం పొడిని ఈ మూడింటిలో కలిపితే మూడు రకాల నీలాలు కనిపిస్తాయి. పొడిగా ఉన్నప్పుడు రేణువుల మధ్య గాలి ఉంటుంది, కాంతి అక్కడ బాగా చెదురుతుంది, అందుకే పొడి రంగు తనంతట తాను వెలుగుతున్నట్టు ఉంటుంది. నూనె కలిపితే ఆ సందుల్లోకి నూనె చేరి కాంతి చెదరడం తగ్గుతుంది, రంగు ముదురుతుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు ఈవ్ క్లైన్‌కు నచ్చనిది ఇదే. అల్ట్రామెరైన్ అనే నీలం పొడిలో ఉన్న వెలుగు క్యాన్వాస్ మీదికి వచ్చేసరికి చచ్చిపోతోంది. పారిస్‌లోని రంగుల వ్యాపారి ఎడువార్ ఆడమ్ సాయంతో ఒక సింథటిక్ రెసిన్‌ను, అంటే కృత్రిమ జిగురును, బైండర్‌గా వాడి, పొడికి ఉన్న వెలుగు పోకుండా నిలబెట్టారు. 1960లో ఆ తయారీ పద్ధతిని తన పేరిట నమోదు చేయించుకున్నారు కూడా. ఆ నీలంలో ఆయన అంతరంగం ఎంత ఉందో చెప్పలేను గానీ, రెసిన్ మాత్రం కచ్చితంగా ఉంది.

రంగు పక్కన ఏ రంగుందన్నది ఇంకో చిక్కు. ఒకే బూడిద రంగును పసుపు పక్కన పెడితే ఒకలా, నీలం పక్కన పెడితే ఇంకోలా కనబడుతుంది. జర్మనీ నుంచి 1933లో అమెరికా చేరిన చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ ఈ ఒక్క సంగతి పట్టుకుని 1950 నుంచి 1976లో చనిపోయేదాకా చతురస్రంలో చతురస్రం వేస్తూ పోయారు. గట్టి అట్ట గరుకు వైపు తెల్ల పూత వేసి, రంగును ట్యూబు నుంచి నేరుగా తీసి, పాలెట్ నైఫ్ అనే మొద్దు చాకుతో పరిచేవారు. ఏ కంపెనీవి ఏ రంగులు వాడారో బోర్డు వెనకవైపు రాసిపెట్టేవారు. అంత పద్ధతిగా ఉన్న మనిషి కూడా రంగుల కలయికను లెక్కగట్టి తేల్చలేదు. పక్కపక్కన పెట్టి, చూసి, మార్చి, మళ్లీ చూసి తేల్చారు. విద్యార్థులకూ సూత్రాలకన్నా ముందు రంగు కాగితాలు ఇచ్చి, పక్కపక్కన పెట్టి చూడమనేవారు. ఇంట్యూషన్ అనేది నేర్పలేనిది అనుకునేవాళ్లు ఆల్బర్స్ క్లాసుల గురించి తప్పకుండా తెలుసుకోవాలి. ఆయన నేర్పిందంతా అదే.

ఇప్పుడు గుడ్డ దగ్గరికి వద్దాం. అసలు కథ ఇక్కడే ఉంది.

యూరప్‌లో శతాబ్దాలుగా క్యాన్వాస్‌కు ముందు జిగురు పట్టించి, దానిమీద తెల్ల పూత వేసి, ఆ పైన బొమ్మ వేసేవారు. నూనె గుడ్డకు తగలకూడదు, తగిలితే దారం పాడవుతుంది. రంగు పూత మీద నిలబడాలే తప్ప లోపలికి దిగకూడదు. 1952 అక్టోబరు 26న న్యూయార్క్‌లో 23 ఏళ్ల చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెన్‌థేలర్ ఈ కట్టుబాటును పక్కనపెట్టారు. అంతకుముందు వేసవిలో కెనడా తూర్పు తీరాన నోవా స్కోషియా వెళ్లి, కొండలనూ సముద్రాన్నీ వాటర్ కలర్‌లో వేసి వచ్చారు. స్టూడియోలో ఏడడుగుల ఎత్తు, దాదాపు పదడుగుల వెడల్పు ఉన్న కోరా క్యాన్వాస్‌ను, ఏ పూతా లేకుండా, నేల మీద పరిచారు. బొగ్గుతో కొన్ని గీతలు గీశారు. ఆయిల్ పెయింట్‌లో టర్పెంటైన్ పోసి దాదాపు నీళ్లలా పలచన చేసి గుడ్డ మీద పోశారు. రంగు దారాల్లోకి ఇంకిపోయింది. ఆ చిత్రం పేరు 'కొండలూ సముద్రమూ'.

ఆ చిత్రంలో లేత గులాబీ, లేత నీలం, ఆకుపచ్చ మరకలు ఒకదాని పక్కన ఒకటి పరుచుకుని ఉంటాయి. చాలాచోట్ల గుడ్డ ఖాళీగానే ఉంది. దగ్గరికి వెళితే రంగు పైన కూర్చున్నట్టు ఉండదు. నేత కనబడుతూనే ఉంటుంది, గుడ్డే ఆ రంగుతో పుట్టిందా అన్నట్టు ఉంటుంది. అంచుల దగ్గర ఇంకో సంగతి గమనించాలి. రంగు ఆగిన చోట నూనె ఆగలేదు. పిగ్మెంట్ రేణువులు దారాల్లో చిక్కుకుని నిలిచిపోతే, నూనె ఇంకాస్త ముందుకు పాకి, మరక చుట్టూ పసుపు గోధుమ రంగు చార కట్టింది. దాన్ని ఎవరూ గీయలేదు. అయితే ఆమె అక్కడ ఏం చేసినట్టు? ఎంత పలచన చేయాలో ఎంచుకున్నారు. ఎక్కడ పోయాలో, ఎంత పోయాలో ఎంచుకున్నారు. పాకుతున్న రంగును ఎక్కడ ఆపాలో, ఎక్కడ పోనివ్వాలో అప్పటికప్పుడు తేల్చుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, "ఇక చాలు" అన్నారు. ఖాళీగా వదిలిన గుడ్డ కూడా ఆమె నిర్ణయమే.

తెలుగువాళ్లకు ఈ చిక్కు కొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రావణంలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల కలం పెట్టిన చోట రంగు పాకకుండా నిలుస్తుంది. తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో ఊరబెట్టి తీసిన ద్రవం, కరక్కాయలోని వగరు పదార్థాన్ని తాకగానే నల్లబడుతుంది. ఫ్రాంకెన్‌థేలర్ కోరింది దీనికి పూర్తిగా ఎదురు. గీత చెదరకూడదని ఇక్కడ పాలు పట్టిస్తే, రంగు చెదరాలని ఆమె ఏమీ పట్టించలేదు. గుడ్డ ఏ ద్రవాన్ని ఎంత పీల్చుకుంటుందో తెలిసినవాళ్లే ఈ రెండు పనులూ చేయగలరు. కలంకారీ కళాకారుడి చేతికి ఉన్న ఆ తెలివిని నైపుణ్యం అంటాం, ఫ్రాంకెన్‌థేలర్ చేతికి ఉన్నదాన్ని ఇంట్యూషన్ అంటాం. ఈ తేడా అక్కర్లేదని నాకనిపిస్తుంది.

1953లో మోరిస్ లూయిస్, కెన్నెత్ నోలాండ్ అనే ఇద్దరు చిత్రకారులు వాషింగ్టన్ నుంచి వచ్చి ఆ చిత్రాన్ని చూశారు. తిరిగి వెళ్లాక ఇద్దరి పనీ మారిపోయింది. లూయిస్ మ్యాగ్నా అనే కొత్త రంగు వాడారు. టర్పెంటైన్‌లో కరిగే అక్రిలిక్ రెసిన్ అది. ఎంత పలచన చేసినా తేజస్సు తగ్గదు, నూనెలా గుడ్డను తినదు. ఆయన స్టూడియో అంటే ఇంట్లో భోజనాల గది, పన్నెండడుగులు పద్నాలుగడుగులు ఉంటుంది. అందులోనే గదికి పట్టనంత క్యాన్వాస్‌లు వేశారు. కొంత మడత విప్పి, గుడ్డను వంచి, రంగును పారించి, మళ్లీ చుట్టిపెట్టేవారు. ఎవరినీ పని చూడనిచ్చేవారు కాదు. పెద్ద క్యాన్వాస్‌లు చాలావాటిని పూర్తిగా పరిచి ఆయన కూడా చూసుకోలేదు. 1960 ప్రాంతంలో ఆ రంగు తయారుచేసే లెనార్డ్ బోకూర్, శామ్ గోల్డెన్ ఆయన అవసరానికి తగ్గట్టు దాని పాకాన్ని మార్చి ఇచ్చారు. ఆ తర్వాతే ఆయన చిత్రాల్లో రంగు తెరలు పోయి, విడివిడి ధారలు వచ్చాయి. విమర్శకులు దాన్ని కళాకారుడి ఎదుగుదల అని రాస్తారు. నిజమే, కానీ ఆ ఎదుగుదలలో రంగు కలిపిన ఇద్దరి పేర్లూ ఉండాలి.

ధార అనగానే అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ గుర్తుకొస్తారు. నేల మీది గుడ్డ చుట్టూ తిరుగుతూ రంగు చిలకరించిన మనిషిగా ఆయన బొమ్మ స్థిరపడిపోయింది. 2019లో రాబర్టో జెనిట్ అనే ద్రవశాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ చిలకరింతను ప్రయోగశాలలో పరీక్షించారు. తేనెను కాస్త ఎత్తు నుంచి పోస్తే కింద చుట్టలు చుట్టుకుంటూ పడుతుంది కదా, చిక్కటి రంగు కూడా అలాగే చుట్టుకోవాలి. కానీ పొలాక్ గీతల్లో ఆ చుట్టలు దాదాపు ఉండవు. ఆయన చెయ్యి కదిలించిన వేగం, గుడ్డకు చేతికి మధ్య ఉంచిన ఎత్తు, చుట్టలు పడకుండా ఉండే పరిధిలోనే ఉన్నాయని తేలింది. ఆయన లెక్క వేయలేదు. 1936లో మెక్సికన్ చిత్రకారుడు సికేరోస్ న్యూయార్క్‌లో నడిపిన వర్క్‌షాప్‌లో, బరువైన రంగును తేలిక రంగు మీద పోస్తే అది కిందికి దిగుతూ ఎలాంటి నమూనాలు చేస్తుందో అక్కడివాళ్లంతా ప్రయోగాలు చేసి చూశారు, పొలాక్ వాళ్లలో ఒకరు. పోసిన రంగుతోనే పూర్తి చిత్రాలు చేయడం 1947లో మొదలైంది. మధ్యలో పదకొండేళ్లు గడిచాయి. "అలా వచ్చింది" అనే మాట వెనక ఉండే కాలం అది.

ఆరడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, చిత్రకారుడి ఆలోచన వేగాన్ని నిర్ణయించేది అదే. ఆయిల్ పెయింట్ గాలిలోని ఆక్సిజన్ తీసుకుంటూ రోజులు, వారాలు ఆరుతుంది. మందంగా వేస్తే లోపల నెలల తరబడి పచ్చిగా ఉంటుంది. అక్రిలిక్ నీళ్లు ఆవిరవగానే నిమిషాల్లో పొర కడుతుంది, ఆరాక కాస్త ముదురుతుంది. కాబట్టి ఆయిల్ వాడేవాళ్లు నిన్న వేసినదాన్ని ఇవాళ గీకేయగలరు, కలిపేయగలరు. అక్రిలిక్ వాడేవాళ్లు వెనక్కి పోలేరు, పైన ఇంకో పొర వేయాల్సిందే. ఒకరిది చెరిపే పద్ధతి, ఇంకొకరిది కప్పే పద్ధతి. స్ఫురణ ఒకటే అయినా రంగును బట్టి అది వేరే దారి పడుతుంది.

పదార్థం ఎదురు తిరిగితే ఏమవుతుందో అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో హార్వర్డ్ చిత్రాలు చెబుతాయి. 1964లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో హోలియోక్ సెంటర్ పై అంతస్తు డైనింగ్ హాల్లో ఆయన వేసిన ఐదు పెద్ద ప్యానెళ్లు పెట్టారు. ముదురు ఎరుపు, ఊదా నేల మీద కోట ద్వారాల్లాంటి ఆకారాలు అవి. పెద్ద కిటికీలు, బోలెడంత ఎండ. రోత్కో రెడీమేడ్ ట్యూబులతో సరిపెట్టుకునే మనిషి కాదు. పొడి రంగులు తెచ్చి, గుడ్డు, జిగురు, రెసిన్ లాంటివి తన పద్ధతిలో కలుపుకుని, పలచటి పొరలు ఒకదానిపై ఒకటి వేసేవారు. లోపలి నుంచి వెలుగు వస్తున్నట్టు అనిపించేది ఆ పొరల వల్లే. ఈ చిత్రాల్లో ఆయన వాడిన ఎరుపు పేరు లిథాల్ రెడ్. వెలుతురుకు వెలిసిపోయే రంగు అది. కొన్నేళ్లకే ఎరుపు పోయి కొన్ని ప్యానెళ్లు వెలిసిన నీలంగా మారాయి. 1979లో తీసేసి చీకటి గదిలో పెట్టారు.

పైన మళ్లీ రంగు వేసి బాగుచేద్దామంటే కుదరదు. వార్నిష్ లేని, మెరుపు లేని ఉపరితలం అది. ఒకసారి కొత్త రంగు వేస్తే మళ్లీ తీయలేరు, అప్పుడది రోత్కో చిత్రం కాదు. చివరికి చిత్రాలను కాపాడే నిపుణులు, అంటే కన్సర్వేటర్లు, వేరే దారి ఎంచుకున్నారు. 1964లో తీసిన ఫొటోలు కూడా వెలిసిపోయి ఉంటే వాటిని కంప్యూటర్లో సరిచేశారు. అసలు రంగుకూ ఇప్పటి రంగుకూ ఉన్న తేడాను ప్రతి చుక్కకూ లెక్కగట్టి, ఆ తేడాను మాత్రమే ప్రొజెక్టర్ కాంతిగా చిత్రాల మీద వేశారు. 2014లో ప్రదర్శన పెట్టినప్పుడు రోజూ సాయంత్రం 4 గంటలకు ప్రొజెక్టర్లు ఆపేవారు. ఎరుపు ఒక్కసారిగా పోయి వెలిసిన గుడ్డ బయటపడేది. రంగుల మధ్య ఒక్క పలచటి పొర తేడాను పట్టుకోగలిగిన కన్ను రోత్కోది. ఆ కంటికి కూడా పదిహేనేళ్ల ఎండ ఏం చేస్తుందో కనబడలేదు. స్ఫురణ ఇవాళ్టి రంగును చూస్తుంది, రేపటి రంగును చెప్పాల్సింది రసాయన శాస్త్రం. ఈ రెండూ తెలిసి ఉండటం చిత్రకారుడి బాధ్యత అని నేను గట్టిగా అనుకుంటాను. కొత్తగా వేస్తున్న పిల్లలు ట్యూబు మీద రంగు పేరు చదివి ఊరుకుంటున్నారు. అది వెలుతురుకు ఎంత తట్టుకుంటుందో కూడా దానిమీదే రాసి ఉంటుంది, దాన్నీ చదవాలి.

మన దేశంలో ఈ పదార్థపు తెలివి గురించి మాట్లాడాలంటే ముందు వి.ఎస్. గాయ్‌తోండే. 1924లో నాగపూర్‌లో పుట్టి, 1948లో బొంబాయి జె.జె. స్కూల్లో డిప్లొమా తీసుకున్నారు. 1964లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద న్యూయార్క్ వెళ్లి వచ్చారు. 1970ల తొలి నాళ్లలో ఢిల్లీ చేరి అక్కడే స్థిరపడి, 2001లో చనిపోయారు. 2014లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఆయన చిత్రాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. వేలంలో ఆయన చిత్రాలకు కోట్లు పలికినప్పుడు పేపర్లు ధర రాస్తాయి. అంత ధర పలికిన చిత్రం ఏ పనిముట్టుతో వేశారన్నది మాత్రం అరుదుగా రాస్తాయి, అది నాకు బాధ.

గాయ్‌తోండే చేతిలో ఎక్కువగా ఉన్నది బ్రష్ కాదు. ఆయిల్ రంగును రోలర్‌తో పలచగా పరిచేవారు, పాలెట్ నైఫ్‌తో గీకేవారు. అది కాస్త ఆరాక మళ్లీ పరిచేవారు. చింపిన న్యూస్‌పేపర్ ముక్కలను తడి రంగు మీద అద్ది తీసేవారు. కాగితం తనతోపాటు కొంత రంగును లాక్కుపోతుంది, చిరిగిన అంచు దగ్గర కొంత వదిలేస్తుంది. దూరం నుంచి చూస్తే ఆ చిత్రాలు మంచులోంచి వెలుతురు వస్తున్నట్టు ఉంటాయి. దగ్గరికి వెళితే ఆ వెలుతురులో దీవుల్లాంటి చిన్న చిన్న ఆకారాలు తేలుతుంటాయి. వాటి అంచులు చిరిగినట్టు ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఏ బ్రష్షూ అలాంటి అంచు తీయలేదు. కింది పొర ఒకచోట పైకి తొంగిచూస్తుంది, ఇంకోచోట పూర్తిగా మునిగిపోతుంది. ఏ పొర ముందుదో, ఏది వెనకదో విడదీసి చెప్పడం కష్టం.

కాగితం లేపాక అక్కడ ఏం మిగులుతుందో ఆయన ముందుగా పూర్తిగా చెప్పలేరు. కానీ దాదాపుగా చెప్పగలరు. ఆ "దాదాపు" అన్న చోటే ఆయన కళ ఉంది. రంగు ఎంత ఆరిందో వేలికి తెలియాలి. మరీ తడిగా ఉంటే కాగితం అంతా లాగేస్తుంది, మరీ ఆరితే ఏమీ రాదు. ఆయన ఏడాదికి ఐదారు చిత్రాలకు మించి వేసేవారు కాదు. చేత్తో చేసే పనికన్నా చిత్రం ముందు కూర్చుని చూసే సమయమే ఎక్కువ. జెన్ బౌద్ధం మీద ఆయనకున్న ఇష్టం గురించి చాలా రాశారు. ఆ మౌనాన్ని నేను కాదనను. కానీ పొర ఆరడానికి ఆగాల్సిన మనిషికి మౌనం కొంత పనిలో భాగంగానే వస్తుంది. 1984లో ప్రమాదం జరిగి పెద్ద క్యాన్వాస్‌లు వేయలేని స్థితిలో కొన్నేళ్లు కాగితం మీద ఇంకుతో చిన్న చిన్నవి వేశారు. పదార్థం మారగానే ఆ చిత్రాల్లో పొరల వెలుతురు పోయి గీత ముందుకొచ్చింది. మనిషి మారలేదు, ఇంకు మందంగా పరుచుకోదు, అంతే.

చెయ్యి చేసినదాన్ని కన్ను తర్వాత గుర్తించడం కూడా స్ఫురణలో పెద్ద భాగం. ఫ్రాన్స్‌లో చిత్రకారుడు పియేర్ సులాజ్‌ది దీనికి అందమైన ఉదాహరణ. 1979 జనవరిలో ఒక చిత్రం ఎంతకీ కుదరక నలుపు మీద నలుపు వేస్తూ పోయారు. గంటల తరబడి పెనుగులాడి, చెడిపోయిందనుకుని వెళ్లి పడుకున్నారు. లేచి వచ్చి చూస్తే అక్కడ నలుపు కనబడలేదు. మందపాటి నల్లరంగు మీద పడ్డ గాట్ల నుంచి, చారల నుంచి వెలుతురు తిరిగి వస్తోంది. చూసేవాళ్లు పక్కకు జరిగితే వెలుతురు కూడా జరుగుతోంది. అప్పటికి ఆయనకు 59 ఏళ్లు. ఆ తర్వాత 2022లో, 102 ఏళ్ల వయసులో చనిపోయేదాకా ప్రధానంగా ఆ దారినే నడిచారు. మందపు పొరలకు ఆయిల్ ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి 2004 నుంచి అక్రిలిక్‌కు మారారు. ఆ రాత్రి చిత్రాన్ని చేసింది చెయ్యి. దాన్ని చిత్రంగా ఒప్పుకుంది మాత్రం నిద్రలేచిన కన్ను.

జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిష్టర్ ఈ రెండు పనులనూ కావాలని వేరుచేశారు. తడి రంగు పరిచిన క్యాన్వాస్ మీద నిలువెత్తు పొడవున్న స్క్వీజీని, అంటే నేల తుడిచే రబ్బరు బద్దలాంటి పలకను, ఈ చివర నుంచి ఆ చివరకు లాగేవారు. పై రంగు కొట్టుకుపోయి కింది రంగు చిరుగుల్లోంచి బయటపడేది. ఏం వస్తుందో లాగితే గానీ తెలిసేది కాదు. వచ్చాక ఆగేవారు, రోజుల తరబడి చూసేవారు, నచ్చకపోతే మళ్లీ లాగేవారు. అదే రిష్టర్ 2007లో జర్మనీలోని కొలోన్ కేథడ్రల్ అనే పెద్ద చర్చి కిటికీకి 72 రంగుల్లో పదకొండు వేలకు పైగా గాజు చతురస్రాలు అమర్చాల్సి వచ్చినప్పుడు, ఏ రంగు ఎక్కడన్నది చాలావరకు కంప్యూటర్ లాటరీకి వదిలేశారు. అక్కడ ఆయన చేతి పాలు చాలా తక్కువ. రంగుల పట్టిక ఎంచుకోవడం, గాజు గుండా వచ్చే ఎండను నమ్మడం, అదే ఆయన పని.

ఇప్పటి చిత్రకారుల్లో నన్ను ఎక్కువగా ఆపేది లాస్ ఏంజెలెస్ వాసి మార్క్ బ్రాడ్‌ఫర్డ్. 1961లో పుట్టారు. వాళ్లమ్మ నడిపిన బ్యూటీ సెలూన్‌లో పనిచేశారు. జుట్టు రింగులు తిప్పడానికి కొసలకు చుట్టే పలచటి చిన్న కాగితాలు అక్కడ కట్టలకొద్దీ ఉండేవి, చవక కూడా. వాటి అంచులను కాస్త కాల్చి, క్యాన్వాస్ మీద వరసగా అంటించారు. కాలిన అంచే గీత అయింది. ఆ తర్వాత వీధి గోడల మీది పోస్టర్లు తెచ్చి, పొర మీద పొర అంటించి, మధ్యలో తాళ్లు పెట్టి, శాండింగ్ మెషీన్‌తో అరగదీశారు. కింది పోస్టర్ల రంగులు గాయాల్లా బయటికొచ్చాయి. 2017లో వెనిస్ బైనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో అమెరికా పెవిలియన్ ఆయనదే. తన పనిని పెయింటింగ్ అనే అంటారు, నేనూ ఒప్పుకుంటాను. ఎక్కడ గట్టిగా అరగదీయాలి, ఎక్కడ వదలాలి అన్నది గాయ్‌తోండే కాగితం లేపినప్పటి లాంటి నిర్ణయమే. బెర్లిన్‌లో చిత్రకారిణి కాతరీనా గ్రోసె స్ప్రే గన్‌తో రంగు చిమ్ముతారు, ఆమె చెయ్యి ఉపరితలాన్ని తాకనే తాకదు. గోడ, నేల, మట్టి కుప్ప, ఏదైనా సరే.

మరి "మా పిల్లాడు కూడా వేస్తాడు" అన్న మాట సంగతేంటి? 2011లో అమెరికాలోని బోస్టన్ కాలేజీ పరిశోధకులు ఏంజెలీనా హాలీ డోలన్, ఎలెన్ విన్నర్ దీన్ని పరీక్షించారు. పేరున్న నైరూప్య చిత్రకారుల పని ఒకటి, చూడటానికి దానిలాగే ఉండే పిల్లల బొమ్మ గానీ చింపాంజీలు, ఏనుగులు వేసిన బొమ్మ గానీ ఒకటి, ఇలా జతలు చేసి చూపించారు. కొన్నిసార్లు ఎవరిది ఏదో తప్పుగా కూడా రాసి పెట్టారు. అయినా ఆర్ట్ చదివినవాళ్లూ చదవనివాళ్లూ కూడా నాణెం ఎగరేసి చెప్పినదానికన్నా ఎక్కువసార్లు చిత్రకారుల పనినే ఎంచుకున్నారు. ఎందుకు ఎంచుకున్నారంటే దాని వెనక ఉద్దేశం, ఆలోచన కనబడుతున్నాయన్నారు. అందరూ ప్రతిసారీ సరిగ్గా చెప్పలేదు, అదీ నిజమే. పిల్లల చేతికి స్వేచ్ఛ ఉంటుంది, అది అపురూపం. ఎక్కడ ఆగాలన్నది మాత్రం చాలాసార్లు పక్కనున్న పెద్దవాళ్లు కాగితం లాక్కోవడంతో తేలుతుంది.

తెలుగు నేల నుంచి ఈ దారిలో నడిచినవాళ్లు లేకపోలేదు. గుడివాడలో పుట్టి, లండన్ స్లేడ్ స్కూల్లో చదివి, అమెరికాలో స్థిరపడ్డ ఎస్.వి. రామారావుకు 2001లో పద్మశ్రీ వచ్చింది. కరీంనగర్ జిల్లాలో 1915లో పుట్టిన పి.టి. రెడ్డి, 1941లో బొంబాయిలో సమకాలీన చిత్రకారుల బృందాన్ని కూడగట్టి, తర్వాత హైదరాబాద్‌లో తాంత్రిక చిహ్నాలను చిత్రాల్లోకి తెచ్చారు. ఆయనది చిహ్నాల భాష, ముందే అనుకుని వేసేది, కాబట్టి ఇక్కడ చెప్పుకున్న దారికి కాస్త పక్కన ఉంటుంది. వీళ్ల చిత్రాల గురించి తెలుగులో జీవిత విశేషాలు దొరుకుతాయి. ఏ రంగు, ఏ గుడ్డ, ఎన్ని పొరలు అన్న వివరం మాత్రం వెతికి పట్టుకోవాలి.

ఇప్పుడు మనలో చాలామంది ఈ చిత్రాలను ఫోన్లోనే చూస్తున్నాం. ఫోన్లో మొదట పోయేది సైజు. పదడుగుల మరక అరచేతిలోకి వస్తే అది మరకే, అందులో నిలబడిన అనుభూతి రాదు. తర్వాత పోయేది ఉపరితలం. సులాజ్ నలుపు ఫోన్ తెర మీద నల్లగానే ఉంటుంది, పక్కకు జరిగినా ఏమీ జరగదు. గాయ్‌తోండే పొరలు ఒకే పొర అయిపోతాయి. వీలైతే అసలు చిత్రాన్ని చూడాలి. గాయ్‌తోండేవి ఢిల్లీలో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరణలో ఉన్నాయి, ముంబయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ సేకరణలోనూ ఉన్నాయి. చూసేటప్పుడు "ఇదేంటి?" అన్న ప్రశ్నను కాసేపు ఆపి, పక్క నుంచి చూడండి. వెలుతురు ఏటవాలుగా పడితే ఎక్కడ రంగు మందంగా ఉందో, ఎక్కడ గీకేశారో తెలుస్తుంది. తర్వాత అంచులు చూడండి. క్యాన్వాస్ చట్రం మీదికి మడిచిన చోట ముందు వేసి కప్పేసిన పొరల రంగులు తరచుగా మిగిలి ఉంటాయి. ముందు వైపు నీలంగా ఉన్న చిత్రానికి పక్క అంచున ఎరుపు కనబడితే, ఆ ఎరుపు ఒకప్పుడు చిత్రమంతా ఉండి ఉండొచ్చు. చిత్రకారుడు దాన్ని చూసి, ఒద్దనుకుని, కప్పేసి ఉంటారు.